శేషం ఐదు

భాగహారం చెప్పడానికి
సుద్దముక్క చాలదనిపించిన రోజున
"రేపు ఇంటి నుంచి ఒక్కో బిందె తెండి" అన్నాను.
ఐదో తరగతి. బోరబండ.
పేరులోనే బండ ఉంది, ఇక బోరేం పడుతుంది?

మర్నాడు ప్రార్థనకు ముందే
గేటు దగ్గర గణగణ.
స్టీలువి, సొట్టలు పడ్డవి,
మూతి పగిలితే తీగతో కుట్టిన నీలం ప్లాస్టిక్‌వి.
భానుచందర్ మాత్రం పెయింటు డబ్బా తెచ్చాడు,
"మా ఇంట్ల బిందె ఖాళీ లేదు టీచర్" అని.
బిందె ఖాళీగా లేకపోవడం
ఒక భాగ్యమని వాడికి తెలుసో లేదో.

ముందు అంచనా.
చిట్టీ మీద ఎవరిది వాళ్లు రాయండి, పక్కకు చూడొద్దు:
లీటరు సీసాతో పోస్తే ఎన్నింటికి నిండుతుంది?
ఎనిమిది. ముప్ఫై.
వంద అని ఒకడు, వాడెప్పుడూ వందే.
ఫిర్దౌస్ పదిహేను అని రాసి
చిట్టీ మడిచి కూర్చుంది.

వరండాలో గొంతు కలిపి లెక్కపెడుతూ పోశాం,
పదమూడు, పద్నాలుగు,
పదిహేనో సీసా ఆఖరి గుటకకు
నీళ్లు బిందె అంచు తాకాయి.
"ఎట్లా చెప్పావే?"
"నా నడుముకు ఎరుకే టీచర్."

అప్పుడు బోర్డు మీద అసలు లెక్క:
ట్యాంకరుకు ఐదువేల లీటర్లు,
బిందెకు పదిహేను.
ఎన్ని బిందెలు?
మూడువందల ముప్ఫైమూడు, శేషం ఐదు.
జవాబు కింద రెండు గీతలు కొట్టి
చేతులు దులుపుకున్నాను.

"గట్ల రావు టీచర్."
రాథోడ్ అంబిక. హాజరు పలకడానికే
సగం నోరు తెరిచే పిల్ల.
"మా గల్లీల రెండువందల ఎనభై దాటవు."

మరి యాభైమూడు బిందెలు ఎటు పోయినట్టు?
పుస్తకంలో లేని పాఠం
తలా ఒక మాటగా బోర్డెక్కింది:
పైపుకు చిల్లి.
డ్రైవరు బీడీ అయ్యేదాకా కట్టని వాల్వు.
మేస్త్రీ ఇంటి డ్రమ్ము, అది బిందెల లెక్కలోకి రాదు.
కొట్లాటలో ఒలికినవి రెండు.
"మూడు," దిద్దింది ఫిర్దౌస్,
"మా అమ్మీది కలుపుకుంటే."
కూడాం, తీసేశాం, మళ్లీ కూడాం.
నలభైఆరు దగ్గర ఆగిపోయింది.
మిగతా ఏడింటికి ఎవరి దగ్గరా జవాబు లేదు.
కుదరని లెక్కను
చెరిపేద్దామని ఒక్కరూ అనకపోవడం
నా సర్వీసులో అదే మొదలు.

"సరే, శేషం సంగతి?
ఐదు లీటర్లకు బిందె నిండదు కదా."
ఇన్నేళ్లూ పక్కన రాసి ఊరుకోమనే చెప్పాను.
ముస్కాన్ లేచింది,
పోయినేడు పాట్నా నుంచి వచ్చింది,
తెలుగు ఇంకా తడుముకుంటూ నడుస్తుంది.
"ఓ ఐదు మాది టీచర్.
లైన్ లాస్ట్‌ల మేమే ఉంటం."

బెల్లు కొట్టాక
ఒక్క బొట్టు పారబోయనివ్వలేదు.
సీసాల్లోకి, కంపాస్ బాక్సుల్లోకి కూడా,
తడిసిన సంచులతో లైను కట్టారు.
పెయింటు డబ్బాలోవి
గోడ పక్క కానుగ మొక్కకు దక్కాయి.

ఎవరి బిందో ఎత్తుతుంటే ఒలికి
గచ్చు మీద అరచేయంత మడుగు.
తుడవబోయిన వాణ్ని ఆపి
చుట్టూ సుద్దతో గీత గీయించాను.
పది నిమిషాలకొకసారి పరుగెత్తుకొచ్చి
లోపల ఇంకో గీత.
సైన్సు పీరియడు అలా దొరికింది,
టైంటేబుల్‌ను అడక్కుండానే.

సాయంత్రం అందరూ పోయాక
రిజిస్టరులో 'అభ్యసన ఫలితం' గడి ముందు
కలం పట్టుకుని కూర్చున్నాను.
నేల మీద గీతలో గీత, ఐదు గీతలు,
నడుమ పొడి గచ్చు.
ఆయమ్మ సత్తెమ్మ చీపురుతో వచ్చింది.
"తుడ్వమంటవా మేడం?"
"ఉండనియ్యి ఇయ్యాల్టికి.
ఇంకా ఏడు బిందెలు దొరకలే."